సీనియర్లు లేని ఇంట్లో కంప్యూటరు చదువు

పొద్దున ఏడు కొట్టకముందే మా జగదేవ్‌పూర్ బస్టాండులో ఆడపిల్లలు బారులు తీరి ఉంటారు. మెడలో ఐ.డి. కార్డు, భుజాన బ్యాగు, చేతిలో టిఫిన్ డబ్బా. గజ్వేల్ వైపు పోయేవాళ్లు కొందరు, హైదరాబాద్ చుట్టూ ఉన్న కాలేజీలకు పోయేవాళ్లు కొందరు. 2023 డిసెంబరులో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సులో టికెట్టు లేకుండా పోయింది కాబట్టి, ‘రోజూ ఎక్కడ తిప్పుతం, ఇంటర్‌తో చాలు’ అనే తండ్రులు కూడా కొంచెం మెత్తబడ్డారు. ‘ఏ గ్రూపు బిడ్డా?’ అని అడిగి చూడండి. ‘సి.ఎస్.ఇ. ఆంటీ’ అంటారు చాలామంది. మరీ కొత్తగా చేరినవాళ్లు ‘ఎ.ఐ. అండ్ ఎం.ఎల్.’ అంటారు. అడిగినవాళ్లు తలూపుతారు. ఆ అక్షరాల అర్థం మళ్లీ అడిగితే బాగుండదని ఊరుకుంటారు.

ఇక్కడే నాకొక ఆలోచన వస్తుంది. పత్తి ఏరడం నేర్పడానికి పిల్లకు తల్లి ఉంది. కుట్టు నేర్పడానికి పక్కింటి అక్క ఉంది. టీచరు గారమ్మాయి టీచరు ట్రెయినింగుకు పోతే ఏ పుస్తకం చదవాలో ఇంట్లోనే చెబుతారు. డాక్టరు గారబ్బాయి సంగతి చెప్పనే అక్కర్లేదు. మరి ఆటో నడిపే తండ్రికీ, జాకెట్లు కుట్టే తల్లికీ పుట్టిన పిల్ల కంప్యూటరు చదువులో చేరితే ఆమెకు పెద్దదిక్కు ఎవరు? బంధువుల్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఒకరుంటే అదృష్టం. ఉన్నా, పెళ్లిలో కనిపించి ‘బాగా చదువుకో అమ్మా’ అని అక్షింతలు వేసి వెళ్లిపోతారు.

ఈ లోటును పూడ్చడానికి కొంతమంది ఉద్యోగస్తులు తమ సెలవు దినంలో ఒక గంట తీసి కాలేజీ పిల్లలకు ఇస్తున్నారు. జీతం లేదు, ఫీజు లేదు. వాళ్లను మెంటార్లు అంటున్నారు. ఈ మాట నేను మొదట విన్నది మా వీధిలోనే.

జాకెట్ల నోటుబుక్కు

మా ఇంటికి నాలుగిళ్ల అవతల ఒక దర్జీ వదినె ఉంది. నాకంటే నాలుగేళ్లు పెద్ద. ఆమె కూతురు ఇంజనీరింగ్ మూడో సంవత్సరంలో ఉండగా ఒకరోజు కాగితం పట్టుకొని వచ్చింది. ‘చిన్నమ్మా, నువ్వు కథలు రాస్తవు గద, ఇది జర ఇంగ్లీషుల మంచిగ చెయ్యవా’ అంది. చూస్తే ఉద్యోగానికి పంపే రెజ్యూమె. మొదటి వాక్యం, తన ప్రతిభను సంస్థ అభివృద్ధికి అంకితం చేస్తానని. చివరి వాక్యం, పాటలు వినడం తనకు ఇష్టమని. మధ్యలో ఏడెనిమిది కంప్యూటరు భాషల పేర్లు. నేను చదివింది బి.ఏ. కామాలు, ఫుల్‌స్టాపులు సరిచేసి ఇచ్చాను. ఆ భాషలన్నీ నీకు వచ్చా అని మాత్రం అడిగాను. నవ్వి తల దించుకుంది.

ఆ పిల్ల కాలేజీలోనే చదివి హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేస్తున్న పాత విద్యార్థులు కొందరు, ఒక్కొక్కరు ముగ్గురు నలుగురు పిల్లలను తీసుకొని శనివారం సాయంత్రం వీడియోలో మాట్లాడుతున్నారని తర్వాత తెలిసింది. ఈ పిల్లకు దొరికింది ఒక ఆడమనిషే. పదకొండేళ్ల అనుభవం, ఇద్దరు పిల్లల తల్లి. మొదటి శనివారం మా ఇంట్లోనే కూర్చుంది, వాళ్లింట్లో సిగ్నల్ అందదని. కాబట్టి ఆ సంభాషణ అంతా నా చెవిన పడింది.

పిల్ల తన ప్రాజెక్టు చూపించింది. ఆమె ఓపికగా చూసి, ‘ఇందులో నువ్వు రాసిన లైను ఒక్కటి చూపించమ్మా’ అంది. ఇటు పక్క నిశ్శబ్దం. ఆ ప్రాజెక్టు నలుగురు పిల్లలు కలిసి డబ్బులేసుకొని హైదరాబాద్‌లో ప్రాజెక్టులు అమ్మే దుకాణంలో కొన్నది. అలా కొనడం వాళ్లకు తప్పుగా కూడా తోచలేదు, అందరూ అట్లనే కొంటారట. నేను తిట్టు పడుతుందనుకున్నాను. పడలేదు. ఆమె అడిగిందల్లా ఒకటే, ‘మీ అమ్మ ఏం చేస్తారు?’

‘జాకెట్లు కుడ్తది.’

‘కొలతలు, లెక్కలు ఎక్కడ రాసుకుంటారు?’

‘నోటుబుక్కుల.’

‘ఆ నోటుబుక్కును ప్రోగ్రాంగా రాయి. నెల రోజుల్లో సగమైనా రాసి చూపించు. ఎవరినీ అడిగి కొనకు.’

ఇంతే జరిగింది. చెప్పుకుంటే చిన్న మాట. కానీ ఆ నెల రోజులు మా వదినె ఇంట్లో జరిగిన తతంగం చూడాలి. పిల్ల పెన్ను పట్టుకొని తల్లిని ప్రశ్నలడగడం మొదలుపెట్టింది. ఒక మనిషికి ఒకే కొలత ఉంటదా? ఉండదు, బాలింతలకు మారుతది, పెండ్లి కుదిరిన పిల్లలకు మారుతది. పాత కొలత కొట్టేస్తవా, ఉంచుతవా? ఉంచుత, మళ్ల సన్నగయితరు. బట్ట ఇచ్చిన రోజు రాస్తవా, ఇయ్యాల్సిన రోజు రాస్తవా? మా వదినె మొదట విసుక్కుంది, తర్వాత ఆమే ఎదురు ప్రశ్నలు వేసింది. ‘బతుకమ్మకు ముంగట అరవై జాకెట్లు ఒక్కపారే వస్తయి. ఏది ముందు కుట్టాల్నో అది చెప్తదా?’

చెప్పేలా చేయడానికి ఆ పిల్లకు పది రోజులు పట్టింది. తేదీల ప్రకారం వరసగా పేర్చడం అనేది రెండో సంవత్సరంలో పాఠంగా చదివి, పరీక్ష రాసి, మార్కులు తెచ్చుకున్నదే. కానీ అది అమ్మ బల్ల మీది బట్టల కుప్పకు పనికొస్తుందని అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. క్లాసులో అరవై మందికి పాఠం చెప్పే లెక్చరరు ఒక్కొక్కరి అమ్మ ఏం చేస్తుందో ఎప్పుడు అడుగుతారు చెప్పండి? అడగాలని ఉన్నా టైముండదు. మెంటారుకు ఉన్న వీలు అదే. ఎదుట ఉన్నది ముగ్గురో నలుగురో.

రెండున్నర లక్షల మాట

మూడో సంవత్సరం చివర్లో ఇంకొక సంగతి జరిగింది. ‘ఇంటర్వ్యూ పేరుకే, ఉద్యోగం గ్యారంటీ, రెండున్నర లక్షలు కట్టండి’ అని ఒకాయన ఫోను చేశాడు. తండ్రి నమ్మాడు. నమ్మకేం చేస్తాడు, ఆయనకు ఆ లోకం సంగతి చెప్పేవాళ్లెవరు? మా వదినె పుస్తెలతాడు, రెండు గాజులు బ్యాంకులో పెట్టడానికి సిద్ధమయ్యారు. పిల్ల ఆ వారం శనివారం మాట్లాడుతూ మాట్లాడుతూ ఈ మాట అంది. అవతలి నుంచి వెంటనే జవాబు, ‘ఉద్యోగం ఇచ్చే కంపెనీ మన దగ్గర డబ్బులు తీసుకోదమ్మా, జీతం ఇస్తుంది. నాన్నగారికి ఫోనివ్వు, నేను మాట్లాడతాను.’

ఆయన మాట్లాడాడు. నమ్మడానికి రెండు రోజులు పట్టింది. పుస్తెలతాడు మెడలోనే ఉంది.

ఇలాంటి దొడ్డిదారి ఉద్యోగాల పేరుతో డబ్బు పోగొట్టుకున్న కుటుంబాల వార్తలు పేపర్లో ఎన్నిసార్లు చదవలేదు మనం? ఆఫర్ లెటరు పట్టుకొని కంపెనీ గేటు దగ్గరికి పోతే అలాంటి ఉద్యోగమే లేదంటారు. పోలీసు కేసు పెట్టినా డబ్బు తిరిగి రావడం కష్టమే. మోసపోయేవాళ్లంతా చదువు రానివాళ్లేమీ కాదు. తెలిసిన మనిషి ఒకరు లేనివాళ్లు. డబ్బు కట్టించుకొని సర్టిఫికెట్టు మాత్రం ఇచ్చే ‘ఇంటర్న్‌షిప్పు’లదీ ఇదే దారి. ఇంజనీరింగ్ చదువులో ఇంటర్న్‌షిప్పు భాగమైనప్పటి నుంచి, కాగితం ముక్క అమ్ముకునేవాళ్లు పుట్టగొడుగుల్లా లేచారు. నన్నడిగితే మెంటారు చేసే పనుల్లో కోడింగు నేర్పడం రెండోది. ‘ఇది నిజం, ఇది మోసం’ అని చెప్పడమే మొదటిది.

గురువుకు గురువు

పెద్దవాళ్లకు కూడా ఎవరో ఒకరు దారి చూపినవాళ్లే ఉంటారు. కంప్యూటరు రంగంలో అందరికంటే పెద్ద గౌరవమని చెప్పుకునే ట్యూరింగ్ అవార్డు 1994లో మన తెలుగువాడు రాజ్ రెడ్డి గారికి, ఎడ్వర్డ్ ఫీగెన్‌బామ్‌తో కలిపి వచ్చింది. రాజ్ రెడ్డి గారిది అప్పటి చిత్తూరు జిల్లాలోని కాటూరు అనే పల్లెటూరు, 1937లో పుట్టారు. మద్రాసు గిండీలో చదివింది సివిల్ ఇంజనీరింగ్. స్టాన్‌ఫర్డ్‌లో ఆయన పరిశోధనకు గురువు జాన్ మెకార్తీ. ఇప్పుడు మన పిల్లలు రోజూ అనే ‘ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్’ అన్న పేరు పెట్టింది ఆ మెకార్తీయే. పల్లెలో పుట్టిన మనిషికి ఎక్కడ ఎవరు దొరికారో చూడండి! అందుకేనేమో, పదో తరగతిలో మంచి మార్కులు తెచ్చుకున్న పల్లె పిల్లల కోసం 2008లో బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో ట్రిపుల్ ఐటీలు పెట్టినప్పుడు ఆ విశ్వవిద్యాలయానికి మొదటి ఛాన్సలర్‌గా ఆయనే ఉన్నారు.

అంత పెద్ద పేర్ల దాకా పోనక్కర్లేకుండా, హైదరాబాద్‌లోనే ‘స్వేచ్ఛ’ అని ఒక సంస్థ ఉంది. 2005 నుంచి పనిచేస్తోంది. ఎవరైనా వాడుకోగల, మార్చుకోగల సాఫ్ట్‌వేర్‌ను ప్రచారం చేయడం దాని పని. కంప్యూటరు తెరమీద మాటలన్నీ తెలుగులో కనబడేలా ఒక ఆపరేటింగ్ సిస్టమ్ కూడా తయారు చేశారు. ఇందులో పగలు ఉద్యోగాలు చేసుకుంటూ, మిగిలిన టైములో ఇంజనీరింగ్ కాలేజీల పిల్లలను కూడగట్టి నేర్పించేవాళ్లు చాలామంది. కాలేజీల్లో పిల్లల బృందాలు నడుస్తాయి, వేసవిలో శిక్షణ శిబిరాలు జరుగుతాయి.

కథలు రాసే దాన్ని కాబట్టి నాకు వాళ్లు చేసిన ఒక పని మరీ నచ్చింది. 2023-24లో హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ, ఓజోన్‌టెల్ కంపెనీలతో కలిసి ‘చందమామ కథలు’ అని కంప్యూటరు చేత తెలుగులో కథ చెప్పించే ప్రయత్నం చేశారు. కంప్యూటరు కథ చెప్పాలంటే ముందు అది కథలు చదవాలి కదా. తెలుగు జానపద కథల పేజీలు వేలకు వేలు కంప్యూటరులోకి ఎక్కించాలి. అచ్చు పేజీని ఫొటో తీసి అక్షరాలుగా మార్చే సాఫ్ట్‌వేర్ ఉన్నా, మన ఒత్తుల దగ్గర, దీర్ఘాల దగ్గర అది తడబడుతుంది. మనిషి కన్ను పడాల్సిందే. ఆ పనిలో పాతిక కాలేజీలకు తగ్గకుండా వేలమంది విద్యార్థులు కూర్చున్నారు. ఇంగ్లీషు మీడియంలో చదివి తెలుగు కూడబలుక్కునే పిల్లలు, తమ నానమ్మలు చెప్పిన కథలను తప్పులు దిద్దుతూ, ఎ.ఐ. అనేది లోపల ఎలా పనిచేస్తుందో తెలుసుకున్నారు. ఏ క్లాసు రూములో నేర్పుతారు ఈ రెండూ ఒకేసారి?

అమ్మాయిల కోసమే ఉన్నవీ ఉన్నాయి. హైదరాబాద్‌కు చెందిన టాలెంట్‌స్ప్రింట్ సంస్థ 2019లో గూగుల్ సాయంతో ‘వుమెన్ ఇంజనీర్స్’ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. ఇంజనీరింగ్ చదివే అమ్మాయిలను దేశమంతటి నుంచి పరీక్ష పెట్టి ఎంచుకుని, ఫీజు లేకుండా నేర్పించి, గూగుల్‌లో పనిచేసే ఇంజనీర్లను మెంటార్లుగా ఇచ్చారు. ప్రపంచం మొత్తానికి తెరిచి ఉంచిన తలుపులు కూడా కొన్ని. గూగుల్ 2005 నుంచి నడుపుతున్న ‘సమ్మర్ ఆఫ్ కోడ్’లో, కొత్తగా నేర్చుకునేవాళ్లు తాము చేయదలచిన పనిని రాసి పంపితే, నచ్చిన సంస్థ ఒక మెంటారును ఇస్తుంది. ఆ మెంటార్లు స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లే. వేసవి అంతా ఇంటి నుంచే పని. పూర్తయితే పిల్లకు డబ్బు కూడా వస్తుంది. ఆడవాళ్లు ఈ రంగంలో తక్కువగా ఉన్నారని గ్నోమ్ అనే సంస్థ మొదలుపెట్టిన ఇంకొక కార్యక్రమం ఇప్పుడు ‘అవుట్‌రీచీ’ పేరుతో నడుస్తోంది. అమెరికాలోనో జర్మనీలోనో ఉన్న మనిషి మన జగదేవ్‌పూర్ పిల్ల రాసిన లైన్లు చదివి ‘ఇక్కడ ఇలా మార్చు’ అని చెప్పే రోజులివి. కాకపోతే ఇవన్నీ ఉన్నాయని ఆ పిల్లకు చెప్పేవాళ్లుండాలి.

తల్లులు అడిగే ప్రశ్న

‘అంతా బాగానే ఉందక్కా, ముక్కూ మొగం తెలియని మగాయన మా పిల్లతోని రాత్రి ఫోనుల మాట్లాడుడేంది?’ అని నన్ను ఒక తల్లి నిలదీసింది. అడగాల్సిన ప్రశ్నే. ఆమెను పాతకాలం మనిషి అని కొట్టిపారేయడం నాకిష్టం లేదు. మంచి కార్యక్రమాలకు పద్ధతులుంటాయి. మాటలు ఒంటరిగా కాకుండా నలుగురు పిల్లలు కలిసి ఉన్న వీడియోలోనే జరుగుతాయి. సమయం ముందే రాసి పెట్టి ఉంటుంది. కాలేజీ వైపు నుంచో సంస్థ వైపు నుంచో ఒక బాధ్యుడు ఉంటాడు, ఇబ్బంది కలిగితే ఎవరికి చెప్పాలో పిల్లకు మొదటిరోజే చెబుతారు. సొంత నంబరుకు అర్ధరాత్రి మెసేజులు, ‘ఒక్కదానివే ఆఫీసుకు రా, ఉద్యోగం చూపిస్తా’ అనే మాటలు ఉంటే అది మెంటారు పని కాదు. వెంటనే ఆపేయాలి, పైవాళ్లకు చెప్పాలి. డబ్బు అడిగినా అంతే. ఇన్ని చూసుకున్నాక కూడా భయపడి పిల్లను ఆపేస్తే మాత్రం నష్టం ఆ పిల్లకే.

మెంటార్ల వైపు కష్టాలు లేవని కాదు. వాళ్లూ మనుషులే. ఆఫీసులో పని పడితే రెండు శనివారాలు మాయమవుతారు. కొందరు ఫొటో దిగడానికి ఒక్కరోజు వచ్చి, ‘కలలు కనండి’ అని ఉపన్యాసం ఇచ్చి మళ్లీ కనబడరు. అలాంటివాళ్ల కంటే నెలకు ఒక్క గంటైనా తప్పకుండా వచ్చేవాళ్లు మేలు. పిల్లలూ తక్కువవాళ్లు కాదు. ‘సార్, ఎట్లన్న జాబ్ ఇప్పియ్యండి’ అని మొదటి మెసేజే పెడతారు. చేసుకురమ్మన్న పని చేసుకురారు, వీడియోలో మొహం కనబడకుండా కూర్చుంటారు. ఇంకొకటి, నా కోపం కాలేజీల మీద. లెక్చరర్లను సరిగ్గా నియమించకుండా, ల్యాబులో కంప్యూటర్లు బాగు చేయించకుండా, బయటివాళ్ల దయ మీద చదువు నడిపిస్తామంటే ఎలా? ఫీజు తీసుకునేది వాళ్లు, నేర్పేది జీతం లేని మనుషులా?

మా దర్జీ వదినె కూతురు ఇప్పుడు చివరి సంవత్సరం. మొన్న ఒక కంపెనీ ఇంటర్వ్యూలో రెండో రౌండులో పోయింది. జవాబు తెలియక కాదు, తెలిసే పోయింది. లెక్క ఇచ్చి పరిష్కరించమంటే పది నిమిషాలు కాగితం మీద వంగి నోరు మెదపకుండా చేసిందట. మెంటారక్క అడిగి తెలుసుకొని చెప్పింది, ‘వాళ్లు జవాబు కోసం కాదమ్మా, నువ్వెట్లా ఆలోచిస్తావో వినడానికి కూర్చుంటారు. మనసులో అనుకునేదంతా పైకి చెప్తూ చెయ్యి. తప్పయినా చెప్పు.’ ఈ మాట విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది, బాధా వేసింది. పుట్టినప్పటి నుంచి మనం ఆడపిల్లకు నేర్పిందేమిటి? పెద్దవాళ్ల ముందు తక్కువ మాట్లాడమని. మనసులో ఉన్నది మనసులోనే ఉంచుకోమని. అక్కడేమో ఉన్నదంతా పైకి చెప్పాలట. ఇప్పుడు ఆ పిల్ల అద్దం ముందు నిలబడి, లెక్క చేస్తూ గట్టిగా మాట్లాడడం ప్రాక్టీసు చేస్తోంది. వాళ్ల నాయనమ్మ ‘పిల్లకేమన్న గాలి సోకిందా, కొండపోచమ్మకు తీస్కపోదామా’ అని అడిగిందట.

ఈ పేజీ చదివే ఒక రకం సోదరీమణులకు నా మనవి ప్రత్యేకం. బి.టెక్., ఎం.సి.ఎ. చదివి, నాలుగేళ్లో ఆరేళ్లో ఉద్యోగం చేసి, పెళ్లయ్యాకో పిల్లలు పుట్టాకో మానేసి, చిన్న ఊళ్లలో ఉండిపోయినవాళ్లు ఎందరో ఉన్నారు. ‘నా చదువు తుప్పు పట్టింది’ అంటారు. కొత్త సాఫ్ట్‌వేర్‌లు రాకపోవచ్చు. కానీ ఇంటర్వ్యూ గది ఎలా ఉంటుంది, మొదటి జీతం చీటీలో ఏమేం కోస్తారు, మేనేజరు గట్టిగా అరిస్తే ఏం చెయ్యాలి, రాత్రి షిఫ్టుకు క్యాబు ఎక్కేటప్పుడు ఏం చూసుకోవాలి, ఇవి తుప్పు పట్టవు. మా బంధువుల్లో గజ్వేల్‌లో ఉండే ఒకామె ఏడేళ్ల కింద ఉద్యోగం మానేసింది. నేను చెప్పగా చెప్పగా ఇద్దరమ్మాయిలతో ఆదివారాలు మాట్లాడడం మొదలుపెట్టింది. వాళ్లకు చెప్పడానికని మళ్లీ పుస్తకం తీసింది. ఇప్పుడు ఆమే ఇంటి నుంచి చేసే పనికి అప్లికేషను పెడుతోంది.

అడగాలనుకునే పిల్లలకు మెంటారక్క చెప్పిన పద్ధతి ఇక్కడ రాస్తున్నాను, ఉపయోగపడుతుంది. ‘డౌటు ఉందక్కా’ అని పెట్టి ఊరుకోవద్దట. నేను చేయాలనుకున్నది ఇది, ఇంతవరకు వచ్చింది, ఇక్కడ ఆగిపోయింది, విప్పడానికి ఈ రెండు మూడు చేసి చూశాను అని నాలుగు ముక్కలు రాయాలి. ఇంగ్లీషు రాకపోతే తెలుగులోనే రాయొచ్చు. అట్లా రాస్తూ రాస్తూ ఉండగానే సగం ప్రశ్నలకు జవాబు తమకే తట్టేస్తుందట.

ఈ నాలుగు ముక్కల పద్ధతి ఇప్పుడు మా వీధిలో చేతులు మారింది. రెండో సంవత్సరం చదివే ఇద్దరు పిల్లలు ఆదివారం ల్యాప్‌టాపు పట్టుకొని మా వదినె కుట్టు గదికి వస్తున్నారు. ఆమె కూతురే వాళ్లకు అక్క. మిషను చప్పుడుకు ఒకరి మాట ఒకరికి వినబడడం లేదని వాళ్ల ఫిర్యాదు. మా వదినె ఆపదు. పెండ్లిళ్ల సీజను, తెరమీద ఎర్ర అక్షరాల్లో పదకొండు జాకెట్లు కనబడుతున్నాయి.